నలభై ఒకటో ఇంటి గడి

రోజు 204

ఈ దినచర్య రాస్తున్నది కొత్తరేవు జ్ఞాపకాల ఆఫీసులో సహాయ పరిశోధకురాలు, రెండో తరగతి, సౌగంధి అనబడే నేను. మూడో తరగతి అంటూ లేదు. మొదటి తరగతిలో ధనమ్మ గారు ఉన్నారు. అంటే ఆఫీసు మొత్తానికి నేనే ఆఖరిదాన్ని. అయినా "ద్వితీయ స్థానం" అంటే చదివేవాళ్ళకి కాస్త గౌరవంగా ఉంటుందని అలాగే చెప్పుకుంటాను. కాలేజీలో పతకం కూడా వచ్చింది. ఇత్తడిది. సముద్రపు గాలికి పచ్చబడిపోయింది.

ఉదయం డెక్కు మీద పేరుకున్న ఉప్పు ఊడ్చాను. సౌర పలకల మీద కొంగలు చేసిన అలంకరణ కడిగాను. తర్వాత లోపలికి వచ్చి ఆట బతికే ఉందో లేదో చూశాను. బతికే ఉంది. అది పోతే ఈ వాక్యం రాయడానికి నేను ఉండను, కాబట్టి ఈ తనిఖీ కొంచెం అనవసరమే. కానీ నిబంధన.

ఆట అంటే నిజంగా ఆటే. పిల్లలు ఆడుకునేది. ఇళ్ళు కట్టాలి, గొట్టాలు వేయాలి, తుఫాను వస్తే కాచుకోవాలి. పడవలన్నీ గొలుసులతో కట్టి ఈ ఊరు చేసిన రోజుల్లో, నీళ్ళూ చల్లగాలీ ఇంటింటికీ పంచే ప్రోగ్రాం రాసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఒక ఇంజినీరు తన పిల్లల చేతిలోంచి ఆ ఆట లాక్కుని నిజం గొట్టాల్ని దానికి తగిలించాడు. తాత్కాలికంగా. ఇప్పటికి అరవై ఒక్క ఏళ్ళయింది.

ఆట రాసినవాళ్ళ నగరం నీళ్ళ కింద ఉంది. వాళ్ళు రాసుకున్న అసలు ప్రతి కూడా అక్కడే ఉంది. మాకు మిగిలింది నడుస్తున్న ఆట ఒక్కటే. అది ఏ నియమంతో ఎవరికి ఎన్ని నీళ్ళిస్తోందో తెలుసుకోవాలంటే దాని మెమరీలోకి తొంగిచూడాలి. తొంగిచూడడమే మా ఉద్యోగం.

పదకొండింటికి నలభై ఒకటో ఇంటి నూకరత్నం వచ్చింది. భుజాన పిల్లాడు, చేతిలో ఖాళీ బిందె.

"ఆరు రోజులైంది ధనమ్మత్తా. రోజుకో బిందె తగ్గిపోతంది. ఇరవై నాలుగు రావాల్సింది ఇయ్యాల పద్దెనిమిదే వచ్చాయి."

"గొట్టం సూయించావా?"

"మా ఆయన సముద్రంలోకి దిగి మరీ సూశాడు. గొట్టం సుబ్బరంగా ఉంది."

ధనమ్మ గారు నా వైపు చూశారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇలాగే సాగితే ఇంకో పద్దెనిమిది రోజులకి సున్నా. సున్నా వచ్చిన ఇంటిని ఆట ఖాళీ ఇల్లు కింద జమకడుతుంది. గుమ్మం దగ్గర నీళ్ళూ గాలీ మూసేస్తుంది, మళ్ళీ తెరవదు. కొత్తరేవులో రెండు వందల పన్నెండు ఇళ్ళు, అన్నీ నిండినవే. ఇల్లు పోయినవాళ్ళు సరుకుల ఓడెక్కి దక్షిణ రేవుకి పోవాలి. పదమూడు రోజుల ప్రయాణం, డెక్కు మీద ఎండలో. నూకరత్నం కొడుకు ఏడో నెలలో పుట్టాడు. ఇప్పటికీ పిల్లి పిల్లంత ఉంటాడు.

నూకరత్నానికీ లెక్కలొచ్చు. నా వేళ్ళ వైపు చూసింది, బిందె ఎత్తుకుని వెళ్ళింది.

రోజు 205

పదిహేడు బిందెలు.

మా పనిముట్లు నాలుగు. వాటికి పేర్లు పెట్టింది ధనమ్మ గారు. ఈ ఆఫీసుకి రాకముందు ఆవిడ ముప్ఫై ఏళ్ళు వలలు బాగుచేశారు, అందుకే పేర్లు అలా ఉంటాయి. కాలేజీలో వీటికి ఒక్కొక్కదానికీ అరగజం పొడవు పేర్లు నేర్పారు. ఆవిడ పెట్టిన పేర్లు విన్నాక నేర్చుకున్నవన్నీ మరచిపోయాను.

మొదటిది జల్లెడ. ఆట మెమరీలో నాలుగు కోట్ల గడులున్నాయి, ఒక్కో గడిలో ఒక్కో అంకె. "నిన్న పద్దెనిమిది ఉన్న గడులు చూపించు" అంటే లక్షన్నర చూపిస్తుంది. "వాటిలో ఇవాళ పదిహేడు అయినవి ఏవి?" అని మళ్ళీ జల్లిస్తే రెండొందలు మిగులుతాయి. ఇంకో రోజు ఆగితే ఒకటో రెండో.

ఇంకో రోజు ఆగే ఓపిక నాకు లేదు. చేతిలో పట్టే చిన్న తెర తీసుకుని నూకరత్నం గుమ్మం దగ్గరికి వెళ్ళి, చెంబెడు నీళ్ళు ఒంపెయ్యమన్నాను. అంకె మారింది, జల్లించాను. మళ్ళీ చెంబెడు ఒంపమన్నాను.

"ఉన్నవే తక్కువ, వాటిని ఒంపమంటావేటి?" అందామె.

శాస్త్రం త్యాగం కోరుతుందని చెప్పాను. ఆమె చూసిన చూపుకి ఆ ఒంపిన నీళ్ళకి బదులు మా ఇంటి నుంచి రెండు చెంబులు మోసుకెళ్ళి ఇచ్చాను.

గడి దొరికింది. ఒక్క మధ్యాహ్నంలో. ఇత్తడి పతకం ఊరికే రాదు.

రోజు 206

పదహారు.

దొరికిన గడిలో ఇరవై నాలుగు అని రాశాను. నూకరత్నం తలుపు మీద, రోజు వాటా చూపించే పలకలో, ఇరవై నాలుగు అని పడింది. కొత్తరేవు చరిత్రలో నా పేరు ఎక్కడ చెక్కించాలా అని ఆలోచిస్తుండగా తలుపు మీద మళ్ళీ పదహారు పడింది.

ధనమ్మ గారు వేపపుల్ల నములుతూ అన్నారు. "అది అసలు గడి కాదే. తలుపు మీద సూపించడానికి రాసుకున్న నకలు. నీ బొమ్మకి మీసం గీత్తే నీకు మీసం వత్తదా?"

రెండో పనిముట్టు కాపలా కుక్క. ఒక గడి దగ్గర కట్టేస్తే, ఆ గడిని ఎవరు ముట్టుకున్నా మొరుగుతుంది. నకలు గడి దగ్గర కట్టాం. అందులోకి ప్రతి నిమిషం అంకె మోసుకొచ్చి పోస్తున్న ఆజ్ఞ ఒకటి పట్టుబడింది. అది ఎక్కడి నుంచి మోస్తోందో చూశాం. అసలు గడి అక్కడ ఉంది.

కుక్కని కట్టే చోటు ధనమ్మ గారు ఎంచుకున్న తీరు నేను నెల రోజులు ఆలోచించినా నాకు తట్టేది కాదు. ఎలా తెలిసిందని అడిగితే, "సిరిగిన కాడ సూడకూడదే. దాని పక్కన ఆకరి గట్టి ముడి ఏడుందో అక్కడ సూడాల," అన్నారు. ఈ వాక్యం మా కాలేజీ గోడ మీద రాయించాలి. ఇప్పుడు అక్కడ "పరుగెత్తరాదు" అని ఉంది.

రోజు 207

పదిహేను. ఈ పూట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

మూడో పనిముట్టు మేకు. గడిలో అంకెని మేకుతో కొట్టేస్తే ఇక మారదు. ధనమ్మ గారు భోజనానికి వెళ్ళినప్పుడు అసలు గడిలో పదిహేను దగ్గర మేకు కొట్టాను. తగ్గడం ఆగితే, తగ్గడానికి కారణం తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు కదా అనుకున్నాను. ఆవిడ వచ్చాక గర్వంగా చెప్పాను.

ఆవిడ నమలడం ఆపేశారు. "కారణం తెలవకుండా కొట్టావా?"

రోజు 209

రెండు రోజులుగా నలభై ఒకటిలో పదిహేను తగ్గలేదు. కానీ నలభై రెండు నుంచి నలభై ఏడు దాకా ఆరిళ్ళలో నీళ్ళు సగమయ్యాయి. ఆట దగ్గరున్న మొత్తం నీళ్ళు అంతే. ఒకచోట పట్టుబట్టి నిలిపితే ఇంకోచోట కోసి సరిచేసుకుంటోంది.

ఆరిళ్ళవాళ్ళూ బిందెలతో ఆఫీసు ముందు నిలబడ్డారు. తిట్టలేదు. అది ఇంకా బాధ. నలభై రెండో ఇంటి సూరమ్మ గారు, డెబ్బై దాటిన మనిషి, "ఏదో పొరపాటు చేసుంటుందిలే, చదువుకున్న పిల్ల," అన్నారు. ఆ మాట అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. ఎటు చూసినా మెచ్చుకోలుగా కనబడలేదు.

మేకు పీకేశాను. నలభై ఒకటి పదిహేను నుంచి ఒక్కసారిగా పదికి పడింది. మేకు లేకపోతే పదమూడు ఉండేది. ఆట జరిమానాతో సహా వసూలు చేసుకుంది.

సాయంత్రం ప్రెసిడెంటు అడపా గోవిందరాజు గారు వచ్చి మేకుని పెట్టెలో పెట్టి లక్క వేశారు. "ఇకనుంచి చూడండి, ముట్టుకోకండి. ఇది తీర్మానం. మీ మీద కోపం కాదమ్మా, భయం."

నూకరత్నం రాలేదు. నేనే వెళ్ళాను. గుమ్మం దగ్గర నిలబడి, మూడు బిందెలు నా వల్ల పోయాయని చెప్పాను. పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆమె లోపలి నుంచే, "పోన్లే. నిలబడే ఉన్నావేటి, కూకో," అంది. కూర్చోకుండా వచ్చేశాను. ఎందుకు కూర్చోలేదో అప్పుడు ఆలోచించలేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ ఊళ్ళో ఎవరూ కూర్చోరు, అంతే.

రోజు 210

తొమ్మిది.

నాలుగో పనిముట్టు ఒలిచే కత్తి. ఆట లోపలి యంత్రభాషని పొరలు పొరలుగా ఒలిచి, మనిషికి కొంచెం అర్థమయ్యే ఆజ్ఞలుగా పరుస్తుంది. "కొంచెం" అన్నమాట జాగ్రత్తగా వాడాను. పేర్లుండవు, వ్యాఖ్యలుండవు. ఈ గడిలోది తీసి ఆ గడిలో పెట్టు, ఇది దానికంటే పెద్దదైతే అక్కడికి దూకు, అన్నీ ఇలాంటివే, లక్షల వరసలు.

ధనమ్మ గారికి కాలేజీ లేదు. అక్షరాలు కూడా పెళ్ళయ్యాక నేర్చుకున్నారట. కానీ ఆ వరసల మీద వేలు పెట్టి, చిరిగిన వల ఒళ్ళో వేసుకున్నట్టే కూర్చుని, ఒక్కో ముడీ వెనక్కి వెనక్కి పట్టుకుపోయారు. పొద్దున్న ఎనిమిదికి మొదలుపెట్టి నాలుగింటికి ఆపారు. మధ్యలో రెండు సార్లు, "మంచి పనోడే," అన్నారు. ఆ మెప్పు నాకు కాదని, ఎనభై ఏళ్ళ కింద ఆట రాసిన ఎవరికో అని అర్థమయ్యేసరికి నాకు కొంచెం సమయం పట్టింది.

నాలుగింటికి వేలు ఒక వరస మీద ఆగింది.

"ఇక్కడ సూడు. ఒక గడిలో అంకె నూట యాభై దాటిందా అని అడుగుతున్నాడు. దాటితే రోజుకో బిందె కోత. దాటకపోతే ఏం లేదు."

ప్రతి ఇంటికీ అలాంటి గడి ఒకటుంది. నలభై ఒకటో ఇంటి గడిలో ఇవాళ నూట అరవై రెండు. మిగతా ఇళ్ళన్నీ చూశాను. సున్నా, ఒకటి, సున్నా, రెండు, నాలుగు, సున్నా. ఎక్కడా పది దాటలేదు.

"ఇది రోజులు లెక్కపెడతంది," అన్నారు ధనమ్మ గారు. "దేనికోసమో ఎదురుసూత్తా, రోజులు లెక్కపెడతంది. అది జరిగితే మళ్ళీ సున్నా. దేనికోసం?"

రోజు 211

ఎనిమిది.

ధనమ్మ గారిది పన్నెండో ఇల్లు. ఆ ఇంటి గడిలో నిన్న రెండు, ఇవాళ మూడు. ఆ మూడుని సున్నా చేసేది ఏమిటో కనిపెట్టడానికి ఆవిడ ఇంట్లో, నేను ఆఫీసులో తెర ముందు, మధ్యలో మాట్లాడే గొట్టం.

ఆవిడ పద్ధతికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఒక్కసారి ఒక్కటే పని. కుళాయి తిప్పారు. మూడు. కుళాయి కట్టారు. మూడు. స్నానం. మూడు. కిటికీ. మూడు. అన్నం వండారు, తిన్నారు, గిన్నెలు కడిగారు, మూడు, మూడు, మూడు. గొట్టంలో పెద్దగా తుమ్మారు. అది పరిశోధనలో భాగమా అని అడిగాను. "కాదే, జలుబు. ఐనా సూడు." చూశాను. మూడు.

పన్నెండు గంటల పాటు ఒక మనిషి తన బతుకులో ఒక్కో పనీ విడివిడిగా చేసి చూపించడం ఇంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రానికి తొంభై నాలుగు పనులు అయ్యాయి. ఇద్దరం విసిగిపోయాం.

అప్పుడు గొట్టంలో వేరే గొంతు వినిపించింది. పక్కింటావిడ.

"పిన్నీ, పప్పులోకి చెంబెడు నీళ్ళు ఇత్తావా, మావి అయిపోయాయి."

"పట్టుకో."

చేబదులు మీట నొక్కిన చప్పుడు. గుమ్మం పక్కన ప్రతి ఇంటికీ ఉండే మీట అది. ఎవరైనా అడిగితే, మన వాటాలోంచి వాళ్ళ చెంబులోకి పోసే మీట.

తెర మీద మూడు పోయి సున్నా వచ్చింది.

నేను చెప్పేలోపే ఆవిడ అడిగారు. "సున్నా ఐందా?"

"అయింది."

"అదీ సంగతి," అన్నారు. "అడగడానికి ఎవులూ రాని ఇల్లు, ఖాళీ ఇల్లే అనుకున్నాడు ఆట రాసిన ఆ మారాజు. తప్పేటి?"

నూట అరవై మూడు రోజులు వెనక్కి లెక్కపెట్టాను. నలభై ఎనిమిదో రోజు. నూకరత్నం కొడుకు పుట్టిన రోజు.

ఇక్కడ మా ఊరి మర్యాద ఒకటి చెప్పాలి. పురిటి ఇంటికి వెళ్ళి ఎవరూ ఏదీ అడగరు. నీళ్ళు కాదు కదా, అగ్గిపుల్ల కూడా. అడిగితే బిడ్డ బలం బయటికి పోతుందని నమ్మకం. పుచ్చుకునే పని లేనప్పుడు గుమ్మం ఎక్కడం కూడా బాగుండదని, ఇచ్చేదేదో గుమ్మం బయటే పెట్టి వెనక్కి వచ్చేస్తారు. ఎన్నాళ్ళంటే, బిడ్డ బోర్లా పడేదాకా. మామూలు బిడ్డ నాలుగో నెలలో బోర్లా పడతాడు, నూట యాభై దాటదు. అందుకే అరవై ఒక్క ఏళ్ళలో ఈ కోత ఎవరికీ పడలేదు. ఈ బిడ్డ తొందరపడి పుట్టాడు. పుట్టడంలో పడ్డ తొందర బోర్లా పడడంలో పడలేదు.

రోజు 212

ఏడు.

"ఆ గడిలో మనమే సున్నా రాసేస్తే?" అన్నాను. అలవాటు.

"లక్కేసిన సంగతి మరిసిపోయావా? లక్క లేకపోయినా లాభం లేదు. ఇచ్చిన ఇంట్లో ఒక గుర్తు, పుచ్చుకున్న ఇంట్లో ఒక గుర్తు. రెండూ కలవకపోతే రెండిళ్ళకీ కోతే. నిజంగా ఎవులో ఒకలు ఎల్లి అడగాల."

పక్కిళ్ళవాళ్ళని ఆఫీసుకి పిలిచాం. ప్రెసిడెంటు గారూ వచ్చారు. నేను బొమ్మలు గీసి మరీ చెప్పాను. అందరూ విన్నారు, అర్థం చేసుకున్నారు, ఎవరూ లేవలేదు.

సూరమ్మ గారు అన్నారు. "బిడ్డ బోర్లా పడలేదు. మెషీను చెప్పిందని ఆ గుమ్మంలోంచి నీళ్ళు పట్టుకొస్తే, రేపు బిడ్డకేమన్నా అయితే ఆ నీళ్ళు ఎవరి గొంతు దిగుతాయి? నా వల్ల కాదమ్మా. ఇవ్వమంటే నా వాటా మొత్తం ఇస్తాను. అడగమనకు."

"ఇస్తే గడి కదలదండీ, అడిగితేనే," అన్నాను.

"మరి బాగా రాసినట్టు లేదు నీ ఆట."

ప్రెసిడెంటు గారు దగ్గారు. తీర్మానం చేద్దామా అన్నారు. ఎవరి చేత అడిగిస్తామని తీర్మానం చేస్తారని ధనమ్మ గారు అడిగారు. ఆయన తల గోక్కుని కూర్చున్నారు.

నేనే వెళ్తానని లేచాను. ధనమ్మ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "నువ్వెల్తే మెషీను మనిషి ఎల్లినట్టు. రేపట్నించి మళ్ళీ ఎవులూ ఎల్లరు. రోజులు మళ్ళీ లెక్కెడతాయి." నా చెయ్యి వదిలి, "భయపడేవోళ్ళు ఎల్లాలే," అన్నారు.

రోజు 215

నాలుగు. మూడు రోజులు ఎవరూ కదలలేదు. సరుకుల ఓడ రేవుకి వచ్చి ఆగింది. నూకరత్నం మొగుడు సామాను కట్టడానికి తాళ్ళు కొలుస్తుండగా చూశాను. ఈ మూడు రోజులూ ఈ దినచర్యలో హాస్యం లేకపోవడాన్ని పాఠకులు క్షమించాలి.

రోజు 216

మూడు.

పొద్దున్న ఏడింటికి నూకరత్నం పిల్లాణ్ణి ఎత్తుకుని నడవ మీదికి వచ్చింది. నలభై రెండో ఇంటి ముందు నిలబడి, అటూ ఇటూ నాలుగిళ్ళకి వినబడేలా మాట్లాడింది. అరవలేదు.

"సూరమ్మ పిన్నీ, బయటికి రా. నీకో మాట సెప్పాలి. మీరంతా నా బిడ్డకి మంచే సేశారు. గుమ్మంలో బూరెలెట్టారు, సేపలెట్టారు, బట్టలెట్టారు. ఐదు నెలలు. ఎట్టేసి ఎల్లిపోయారు. ఐదు నెలల్లో నా ఇంట్లో ఒక్క మనిషి కూకోలేదు. ఈడి మొకం ఎలాగుంటదో ఈ ఈదిలో ఎవులికీ తెలవదు. ఆ ఆట నా ఇల్లు ఖాళీ అనుకుందంట. నాకూ అలాగే ఉంది పిన్నీ. ఎల్లిపోతే ఎల్లిపోతాం. ఎల్లే ముందు ఒక్కలన్నా వచ్చి, రత్నం, చెంబెడు నీళ్ళియ్యి అనండి."

ఓడ మీద ఎవరో గొలుసు లాగుతున్న చప్పుడు.

సూరమ్మ గారు లోపలికి వెళ్ళారు. తలుపు వేసుకుంటారనుకున్నాను. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్న గిన్నె, ఉగ్గుగిన్నె, పట్టుకుని బయటికి వచ్చారు. గుక్కెడు పట్టని గిన్నె. తీసుకోక తప్పకపోతే ఎంత తక్కువ తీసుకోవచ్చో అంతే తీసుకుందామని. నలభై ఒకటో ఇంటి గుమ్మం ఎక్కారు. ఎక్కి, లోపలికి వెళ్ళి, పీట మీద కూర్చున్నారు.

"రత్నం, కాసిని నీళ్ళియ్యమ్మా."

నూకరత్నం మీట నొక్కింది. ఉన్న మూడు బిందెల్లోంచి ఉగ్గుగిన్నెడు. సూరమ్మ గారు పిల్లాడి మొహం చూస్తూ తాగారు. "మీ అత్తగారి ముక్కు," అన్నారు.

నేను ఆఫీసుకి పరిగెత్తాను. తెర ముందు ధనమ్మ గారు ముందే కూర్చుని ఉన్నారు. నూట అరవై ఎనిమిది ఉన్న చోట సున్నా ఉంది. ఆవిడ ఆ సున్నా వైపు కాదు, దాని పైనున్న వరస వైపు చూస్తున్నారు, ఎవరో రాసిన ఆ నూట యాభై వైపు. "మంచి పనోడే," అన్నారు మళ్ళీ. ఈసారి నాకు వెంటనే అర్థమైంది. నేను మాత్రం ఆ మాట మనసులో ఆవిడ గురించే అనుకున్నాను.

రోజు 217

ఐదు. కోసినంత మెల్లగా కాదు, రోజుకి రెండు చొప్పున తిరిగి ఇస్తోంది. ఆటకి మంచి మనసుంది, లేదా తప్పు చేశానన్న బెంగ ఉంది. ఒలిచి చూడాలి.

నిన్నంతా నలభై ఒకటో ఇంటికి జనం. నలభై మూడు వచ్చింది, నలభై నాలుగు వచ్చింది, ప్రెసిడెంటు గారు ఇంట్లో నీళ్ళుండి కూడా వచ్చారు. ఓడ పదిన్నరకి వెళ్ళిపోయింది. నూకరత్నం మొగుడు ఆ తాళ్ళతో పిల్లాడికి ఉయ్యాల కట్టాడు.

రోజు 231

ఇరవై నాలుగు నిండి నాలుగు రోజులైంది. ఈ రోజు జ్ఞాపకాల ఆఫీసుకి ఒక అర్జీ అందింది. అర్జీదారు నూకరత్నం, నలభై ఒకటో ఇల్లు. పొద్దస్తమానం ఎవరో ఒకరు నీళ్ళకని వచ్చి కూర్చుంటున్నారనీ, మధ్యాహ్నం పిల్లాణ్ణి పడుకోనివ్వడం లేదనీ, రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ రాకుండా ఆటలో ఏదైనా ఏర్పాటు చేయవలసిందనీ కోరింది.

ధనమ్మ గారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వారు. తర్వాత ఆఫీసు మర్యాద ప్రకారం జవాబు రాయమన్నారు. రాశాను.

అర్జీ తిరస్కరించడమైనది.